దుప్పట్లు పంచాలా, కాటా సరిచెయ్యాలా? మన వైపు వ్యాపారం జనానికి పనికొచ్చేదెలా?

గుణుపురం_గోపాలం · ఆదివారం రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఏడాది నుంచీ ఈ వేదిక చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. మాది ఒడిశాలో గుణుపురం, రాయగడ జిల్లా. తాతగారి టైము నుంచీ చింతపండు వ్యాపారం, దాంతోపాటు కొండచీపుర్లు, కొంచెం అడ్డాకులు. కొండ మీద సవర గిరిజనుల ఊళ్ల వాళ్లు సంతకి దిగుతారు కదా, వాళ్ల దగ్గర కొని పార్వతీపురం, విజయనగరం వైపు పంపుతాం. నాన్నగారికి మోకాళ్లు పోయాక మూడేళ్లుగా నేనే చూసుకుంటున్నాను.

విషయం ఏటంటే మా బజారు వర్తకులందరూ కలిసి ఈ ఏడు సమాజ సేవ చెయ్యాలని మీటింగు పెట్టారు. కొట్టుకి ఐదు వేలు, కొండ మీద ఊళ్లలో దుప్పట్లు పంచాలి. నేనూ ఇచ్చేను, డబ్బులు కాదు బాధ. మీటింగులో ఒకాయన దుప్పటి నూటఎనభైది సరిపోద్ది అన్నాడు, ఆయనే మళ్లీ ఫ్లెక్సీ మాత్రం పెద్దది కొట్టించండి, అందరి ఫోటోలూ పట్టాల అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ రాత్రి వేరే పని మీద నాన్నగారి పాత ఖాతా పుస్తకం తీసేను. ప్రతి బస్తా పక్కనా "త 2" అని ఉంది. తరుగు రెండు కేజీలు అన్నమాట. యాభై కేజీల బస్తాకి నలభైఎనిమిదే కట్టేవాళ్లం, చిన్నప్పుడు నేనే రాసిన పేజీలు కూడా ఉన్నాయి, నా చేతిరాతే. ఊరికే లెక్కేసి చూశాను. సీజనుకి మూడొందల బస్తాలు అనుకోండి, ఆరు వందల కేజీలు, కేజీ 36 చొప్పున 21,600. నాన్నగారు శ్రీరామనవమికి మా వీధిలో అన్నదానం చేస్తారు, ఊళ్లో మంచి పేరు దానికి. పోయినేడు ఆ అన్నదానం ఖర్చు ఇరవై వేల చిల్లర.

ఇంక నిద్ర పట్టలేదు. అన్నదానం ఎవరు చేసినట్టు మరి?

నా ప్రశ్న ఇదీ. వ్యాపారం చేసుకుంటూనే జనానికి మంచి చెయ్యడం అంటే అసలేటి? దుప్పట్లేనా, ఇంకేదైనా ఉందా? పెద్ద కంపెనీల సంగతి కాదు, నాలాంటి కొట్టువాడి సంగతి చెప్పండి.

జయపురం_జోగి · ఆదివారం రాత్రి 11:58

తమ్ముడూ మొదటి పోస్టుకే ఇంత నిజం రాసేవంటే నువ్వు వ్యాపారానికి పనికిరావు, హహహ. సరదాకి అన్నాను. బాగా రాసేవు.

విజయ_సోపానం_కోచ్ · సోమవారం ఉదయం 6:10

శుభోదయం మిత్రమా! వ్యాపారమే సేవ, సేవే వ్యాపారం! మీ ఆలోచన మారితే మీ టర్నోవర్ మారుతుంది! మా మూడు రోజుల ఆన్‌లైన్ క్లాసులో ఈ రహస్యాలన్నీ...

కాపలాదారు (నిర్వాహకులు) · సోమవారం ఉదయం 7:25

కోచ్ గారి పోస్టులో లింకు తీసేశాం. ఇక్కడ క్లాసులు అమ్మకండి, ముందే రెండుసార్లు చెప్పాం.

సీఏ_పద్మ_బరంపురం · సోమవారం ఉదయం 9:31

గోపాలం గారూ, పెద్ద కంపెనీల సంగతి వద్దన్నారు గాని ఒక్క విషయం తెలుసుకుంటే మీ ప్రశ్నకి పనికొస్తుంది. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 135 ఉంది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమలు. నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 500 కోట్లు గాని, టర్నోవర్ 1000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని, ఈ మూడిట్లో ఏది దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఎక్కడ వ్యాపారం చేస్తున్నారో ఆ చుట్టుపక్కలకి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఉంది. మీది సొంత కొట్టు, కంపెనీయే కాదు కాబట్టి మీకు ఏ బాధా లేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. ఆ చట్టంలో లెక్కకి రానివి కొన్ని ఉన్నాయి. మామూలు వ్యాపారంలో భాగంగా చేసేది లెక్కకి రాదు. కేవలం తమ ఉద్యోగులకీ వాళ్ల కుటుంబాలకీ చేసేది రాదు. పార్టీలకిచ్చే చందాలు రావు. ఇవి పెట్టడానికి కారణం ఉంది, లేకపోతే ప్రతివాడూ తన బోనస్ బిల్లు కూడా సేవ కింద చూపించేస్తాడు. నేను ఆడిట్లకి వెళ్లినప్పుడు చూస్తుంటాను, ఈ 2 శాతం ఫైలు మాత్రం భలే నీటుగా ఉంటుంది, ఫోటోలతో సహా. మిగతా 98 శాతం ఎలా సంపాదించారో అడిగే కాలమ్ ఎక్కడా లేదు.

జయపురం_జోగి · సోమవారం ఉదయం 9:50

అంటే మేడమ్, కాటా సరిగ్గా పెడితే సేవ కిందకి రాదు, కాటాలో కొట్టీసి దుప్పటిస్తే సేవ. అర్థమైపోనాది.

సీఏ_పద్మ_బరంపురం · సోమవారం ఉదయం 9:54

చట్టం భాషలో అంతే జోగి గారూ. మొదటిది సేవ కాదు, బాధ్యత. సరైన తూకం ఇవ్వడానికి వేరే చట్టం ఉంది, తూనికలు కొలతల చట్టం, 2009.

పార్వతీపురం_పండు_వర్తకం · సోమవారం మధ్యాహ్నం 1:15

అందరూ తరుగు అంటే దొంగతనం అన్నట్టు మాట్లాడుతున్నారు, ముప్పై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నవాణ్ని కాబట్టి కొంచెం నా మాట కూడా వినండి. ఫిబ్రవరిలో కొండ మీంచి దిగే పండు పచ్చిగా ఉంటాది, చేత్తో పిసికితే తెలుస్తాది. ఏప్రిల్ నాటికి గొడౌన్లో ఎండి బరువు దిగిపోద్ది. అందులో ఈనెలు, పెంకు, మట్టి, ఒక్కోసారి బస్తా అడుగున రాయి కూడా. మాకు పైన కొనే పెద్ద షావుకారు మళ్లీ మా దగ్గర తరుగు తీస్తాడు. ఆడు తీస్తే నేను తియ్యకుండా ఎలా? నష్టం నేను మింగాలా? కుర్రాడు గోపాలం మంచి మనసుతో రాసేడు కాదనను గాని వాళ్ల నాన్నగారిని దొంగని చేసేసినట్టయింది, అది బాలేదు.

గుణుపురం_గోపాలం · సోమవారం రాత్రి 10:20

బాబాయ్, మీరు చెప్పింది నిజమే, నాన్నగారు కూడా అచ్చం ఇదే మాట అన్నారు. నిన్న భోజనాల దగ్గర అడిగేను. చెయ్యి కడిగేసుకుని "తేమకి ఎవడు పోసుకుంటాడ్రా" అని లేచిపోయారు. ఆయన దొంగని నేనెప్పుడూ అనను. ఆయన నేర్చుకున్నది తాతగారి దగ్గర, తాతగారు ఇంకెవరి దగ్గరో.

కానీ బాబాయ్ ఒక్కటి చెప్పండి. పండు పచ్చిగా ఉన్నా ఎండి ఉన్నా తరుగు రెండు కేజీలే కదా? మార్చి ఆఖర్లో గలగలలాడే పండు తెస్తారు, దానికీ రెండే. తేమకే అయితే పచ్చిదానికి మూడు, ఎండుదానికి సున్నా ఉండాలి కదా. పైగా తరుగు తీసేమని వాళ్లకి మనం చెప్పం. నలభైఎనిమిది తూగిందని చెప్తాం.

పార్వతీపురం_పండు_వర్తకం · సోమవారం రాత్రి 10:41

సరే, దానికి నా దగ్గర జవాబు లేదు. పచ్చిపండుకి రేటు తగ్గించి చెప్పొచ్చు, తూకంలో కాకండా. మా దగ్గర ఒకరిద్దరు అలగే కొంటారు. బేరం ఎక్కువ సేపు పడతాది అంతే, సంత రోజు అంత టైము ఎక్కడిది.

పర్లాకిమిడి_మాష్టారు · మంగళవారం ఉదయం 5:40

నాయనా గోపాలం, నీ పోస్టు చదివాక మా రైలు గుర్తొచ్చింది. మీరంతా ఇప్పుడు పెద్ద లైను మీద గుణుపురం నుంచి ఎక్కేస్తున్నారు గాని, నౌపడా నుంచి పర్లాకిమిడికి బుల్లి రైలు వేయించింది ఇక్కడి రాజా గారు, 1900లో మొదలైంది. మొదటి సంవత్సరాల్లో నష్టమే. 1910 దాటాక ఏదో కొంచెం మిగలడం మొదలెట్టింది, 1924–25 తర్వాత బాగా పుంజుకుంది, ఆ ధైర్యంతోనే 1929లో కొంత, 1931లో కొంత లైను పెంచి మీ గుణుపురం దాకా తెచ్చారు. రాజు గారు దానధర్మం కింద వెయ్యలేదు దాన్ని, టిక్కెట్టు పెట్టే నడిపారు. కానీ ఆ రైలు రాబట్టే మీ తాతగారి చింతపండు బస్తా కిందికి దిగింది, మా ఊరి పిల్లలు పైచదువులకి ఎక్కారు. అన్నసత్రం కట్టించినా రాజు గారికి పేరొచ్చేది, కానీ సత్రంలో తిన్నవాడు మర్నాడు మళ్లీ ఆకలేసి వస్తాడు.

ఇంకో సంగతి. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాష మీద ఆయన రాసిన సవర మాన్యువల్ 1931లో అచ్చయింది. నీ దగ్గరికి తరతరాలుగా సవర ఆడవాళ్లు వస్తున్నారు కదా, నీకు సవరలో అంకెలు వచ్చా? నేనేమీ ఎత్తిపొడవట్లేదు, నాకూ ఇరవై దాటి రావు.

గుణుపురం_గోపాలం · మంగళవారం ఉదయం 8:02

మాష్టారూ, సిగ్గుపడి చెప్తున్నాను, రావు. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడేస్తాం, వాళ్లే మన మాట నేర్చుకున్నారు.

జయపురం_జోగి · మంగళవారం ఉదయం 10:30

సేవ, సేవ అంటున్నారు గాని సేవ చేసేవాడు ముందు అవతలివాణ్ని అడిగాడా లేదా అన్నది నా పాయింటు. మన రాయగడ జిల్లాలోనే జరిగింది కదండీ నియమగిరి. ఆ కొండ మీద బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వితే అభివృద్ధి అన్నారు, ఉద్యోగాలన్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగండి అంది. రాయగడలో ఏడు ఊళ్లు, కలహండిలో ఐదు ఊళ్లు, మొత్తం 12 చోట్ల సభలు పెడితే 12 చోట్లా వద్దన్నారు. ఆ కొండే మా దేవుడు అన్నారు అక్కడి గిరిజనులు, డొంగ్రియా కొంధులు. అడక్కపోయుంటే మనకి తెలిసేదే కాదు వాళ్లకేం కావాలో. గోపాలం తమ్ముడూ, నువ్వు దుప్పటికి ఐదు వేలిచ్చేవు, కొండ మీద ఎవరైనా దుప్పటి అడిగేరా నిన్ను?

గుణుపురం_గోపాలం · మంగళవారం ఉదయం 10:47

లేదన్నయ్యా. వాళ్లు నన్ను ఎప్పుడూ అడిగేది ఒక్కటే, "బాబూ, సరిగ్గా చూసి తూచు".

పాలకొండ_అల్లుడు · మంగళవారం మధ్యాహ్నం 12:15

మాది ఆంధ్ర వైపే గాని అత్తారిల్లు ఒడిశాలో కాశీనగర్, అందుకని మధ్యలో దూరుతున్నాను. మా వైపు జీసీసీ ఉంది, గిరిజన సహకార సంస్థ, 1956లో పెట్టారు విశాఖ కేంద్రంగా, ఇలా తూకంలో మోసం వద్దనే కదా సర్కారే కొనడం మొదలెట్టింది. కేంద్రం కూడా అటవీ ఉత్పత్తులకి మద్దతు ధర పెట్టింది, 2020లో గింజతో ఉన్న చింతపండుకి కేజీ 36 చేశారు. ధర బోర్డు మీద ఉంటే చాలదు, కొనేవాడు ఆ రోజు సంతలో ఉండాలి, చేతిలో డబ్బుండాలి. అక్కడే ప్రైవేటు షావుకారు గెలుస్తాడు. ఆడు ప్రతి సంతకీ వస్తాడు, నోటు చేతిలో పెడతాడు.

అలాగని ప్రైవేటువాడు సేవ పేరుతో వస్తే ఇంకా భయం నాకు. మైక్రోఫైనాన్స్ గుర్తుందా? పేదలకి అప్పు దొరకడం లేదు, మేమిస్తాం అని వచ్చారు. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకుకీ యూనస్ గారికీ 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది కదా, ఆ గాలి మీద. మా అమ్మ కూడా గ్రూపులో ఉండేది. వారం వారం కిస్తీ, ఒకామె కట్టకపోతే మిగతా వాళ్లు కూర్చోవాలి, రాత్రి ఎనిమిదైనా మీటింగు లేవదు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో గ్రూపులో అప్పు. ఆఖరికి 2010 అక్టోబర్లో రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చి ఆపింది. వచ్చినవాళ్లందరూ చెడ్డవాళ్లని అనను, మొదట్లో మా అమ్మకి గేదె వచ్చింది ఆ డబ్బుతోనే. ఎప్పుడైతే ఎంతమందికి ఇచ్చేం అన్నదే లెక్క అయిపోయిందో అప్పుడు చెడింది.

విస్తరాకు_వనజ · మంగళవారం రాత్రి 9:05

మాది గజపతి జిల్లా. పన్నెండుమంది ఆడవాళ్లం కలిసి అడ్డాకు విస్తళ్లు చేస్తాం, ఒడియాలో సియాలి అంటారు. ముందు చేత్తో వెదురు పుల్లలతో కుట్టేవాళ్లం, ఇప్పుడు వేడి ప్రెస్సు మిషను ఉంది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు బంద్ అయ్యాక మాకు ఆర్డర్లు పెరిగాయి, అది నిజం. బ్యానర్ల మీద మా ఫోటోలు వేసుకునేవాళ్లు కూడా పెరిగారు.

నా మాట సూటిగా చెప్పేస్తాను, ఎవరికీ కోపం రాకూడదు. ఒక సిటీ హోల్‌సేలు ఆయన ఉన్నాడు, పేరు అనవసరం. మా ప్లేటు మీద "గిరిజన మహిళల చేతుల నుంచి" అని స్టిక్కరు వేసుకుని అమ్ముతాడు. మీటింగుల్లో మా గురించి చెప్పి కళ్లు తుడుచుకుంటాడు, నేను ముందు వరసలో కూర్చునే చూశాను. బిల్లు మాత్రం తొంభైనాలుగు రోజులకి ఇచ్చాడు. ఆ తొంభైనాలుగు రోజులూ ఆకు తెచ్చినవాళ్లకి నేనెక్కణ్నుంచి ఇవ్వాలి? నా పుస్తెలతాడు బ్యాంకులో పెట్టాను. మాకు సేవ వద్దు బాబూ, బాకీ టైముకి తీర్చండి చాలు.

సీఏ_పద్మ_బరంపురం · మంగళవారం రాత్రి 9:40

వనజక్కా, మీ గ్రూపుకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి సర్కారు ఇచ్చే నమోదు) ఉందా? లేకపోతే వెంటనే చేయించండి, ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బులివ్వొద్దు. 2006 ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం మీలాంటి చిన్న తయారీదారులకి ఒప్పందం రాసుకుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, రాసుకోకపోతే 15 రోజుల్లో కట్టాలి. లేటయితే వడ్డీ కూడా అడగొచ్చు. ఇదివరకు దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపన్నులో 43బి(హెచ్) వచ్చింది, టైముకి కట్టని బిల్లుని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, వాడి పన్ను పెరుగుతుంది. అప్పట్నుంచి మార్చి వచ్చేసరికి నా క్లయింట్లు నాకే ఫోన్ చేసి చిన్నవాళ్ల బాకీలు ఎవరివి ఉన్నాయో చెప్పండి అంటున్నారు. మనసు కరిగి కాదు, పన్ను పడుతుందని.

విస్తరాకు_వనజ · మంగళవారం రాత్రి 9:52

మనసు కరగక్కర్లేదు మేడమ్. నంబరు నాకు ప్రైవేటుగా పెట్టండి, రేపే చేయిస్తాను.

మూటల_మావయ్య · బుధవారం మధ్యాహ్నం 3:33

మా నాన్న హమాలీ, నేను కూడా పదేళ్లు మోసేను, ఇప్పుడు ఆటో. గోపాలం బాబూ, కాటా గురించి బాగా రాసేవు. మరి నీ గొడౌన్లో చింతపండు కొట్టి గింజ తీసే ఆడోళ్లు ఎంతమంది? కేజీకి ఎంతిస్తావు? వాళ్లకి మరుగుదొడ్డి ఉందా? మా వదిన ఒక గొడౌన్లో పన్నెండేళ్లు చేసింది, ఎవరిదో చెప్పను. పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే మళ్లీ సాయంత్రం చీకటి పడేదాకా బయటికి వెళ్లడానికి లేదని మంచినీళ్లు తాగడం మానేసింది. కిడ్నీలో రాళ్లు. ఎవరూ దీని గురించి దుప్పట్లు పంచరు.

గుణుపురం_గోపాలం · బుధవారం రాత్రి 11:10

మావయ్యా, ఏడుగురు. మరుగుదొడ్డి లేదు. ఉన్నది ఇంటి వెనకాల, దానికి తాళం అమ్మ దగ్గర.

ఇంకేం రాయలేను ఇవాళ.

సీఏ_పద్మ_బరంపురం · గురువారం ఉదయం 8:15

చట్టం ప్రకారం పదిమంది ఉంటే ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్. ఏడుగురంటే రెండూ తగలవు. నేను చట్టం చెప్పడానికే అలవాటుపడ్డాను గాని మావయ్య గారి పోస్టు చదివాక ఈ లైను రాయడానికే ఏదోలా ఉంది.

బొబ్బిలి_పాలబ్బాయి · గురువారం సాయంత్రం 6:00

మాది పాలకేంద్రం కాబట్టి ఒక్క మాట. అమూల్ మొదలైందే ఇలాంటి మధ్యవర్తి గొడవ మీద, 1946లో, గుజరాత్‌లోని కైరా జిల్లాలో. మధ్యవర్తి ఇష్టమొచ్చినంత ఇచ్చి పాలు పట్టుకుపోతుంటే రైతులు పొయ్యడం మానేసి సొంత సంఘం పెట్టుకున్నారు. అమూల్‌ని పెంచిన కురియన్ గారు వచ్చింది తర్వాత, 1949లో. ఇప్పుడు మా కేంద్రంలో కూడా పాలు పోసేటప్పుడు వెన్న శాతం మిషను రైతు వైపు తిప్పి ఉంటాది, అంకె పడగానే స్లిప్పు చేతికొస్తాది. మొదట్లో మా సెక్రటరీ మిషను తనవైపు తిప్పుకుని కూర్చునేవాడు. తిప్పించడానికి ఒక సర్వసభ్య సమావేశం, రెండు కుర్చీలు పట్టాయి. కుర్చీలంటే విరిగినవి.

జయపురం_జోగి · గురువారం సాయంత్రం 6:12

హహహ. గోపాలం, మీ ఇంట్లో కుర్చీలెన్ని?

గుణుపురం_గోపాలం · మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 10:35

అందరికీ నమస్కారం. చాలామంది ఏమయ్యావని మెసేజ్ పెట్టారు, సీజను మొదలైపోయింది, ఊపిరాడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, పెద్దదైతే ఏమనుకోకండి.

ముందు కాటా. మా ఎలక్ట్రానిక్ కాటాకి ముద్ర వేయించి రెండేళ్లు దాటిపోయిందని చూసుకుంటే తెలిసింది, ఏడాదికోసారి వేయించాలట. వేయించాను. తర్వాత పార్వతీపురం బాబాయ్ చెప్పినట్టు బోర్డు రాయించాను, పచ్చి పండు ఒక రేటు, ఎండు పండు ఒక రేటు, తరుగు లేదు. ఒడియాలో, తెలుగులో. సవర అక్షరాల్లో రాసేవాళ్లు దొరకలేదు. అంకె కనిపించే డబ్బా పండు తెచ్చేవాళ్లవైపు తిప్పి గోడకి కొట్టించాను. నాన్నగారు కొట్టు ముందు కుర్చీలో కూర్చుని అంతా చూసేరు, ఏం మాట్లాడలేదు. కుర్చీ విరగలేదు జోగన్నయ్యా.

మొదటి సంత. నేను పెద్ద మహారాజునైపోతానని, జనం తోసుకుంటూ వస్తారని అనుకున్నాను, నిజం. రాలేదు. మామూలుగా వచ్చేవాళ్లలో సగం కూడా రాలేదు. ఒక ముసలమ్మని ఆపి అడిగేను, ఏటమ్మా నా దగ్గర తూకం సరిగ్గా ఉంది కదా అటెందుకు వెళ్తున్నావని. ఆమె చెప్పింది వింటే నాకు దిమ్మతిరిగింది. ఆషాఢంలో ఇంట్లో గింజలు అయిపోయినప్పుడు ఆ షావుకారు దగ్గర ఐదొందలు అప్పు తెచ్చుకుందట, దానికి బదులు ఆమె చింతచెట్టు కాయ అప్పుడే వాళ్లదైపోయింది. కాయ పండకముందే అమ్ముడుపోయింది. ఇంక నేను ఫిబ్రవరిలో కాటా ఎటు తిప్పితే ఆమెకేటి?

మూడేళ్లుగా ఈ కొట్టు నడుపుతూ అడ్వాన్సులు మేమూ ఇస్తున్నాం, నేనే ఇచ్చేను, కానీ దాన్ని ఆ వైపు నుంచి ఎప్పుడూ చూళ్లేదు.

పాలకొండ_అల్లుడు · శుక్రవారం రాత్రి 10:58

అదే అసలు ముడి. ఆషాఢంలో ఐదొందలిచ్చేవాడు లేకపోతే కాటా ఎంత మంచిదైనా వృథా. కానీ బావా జాగ్రత్త, నువ్వు అప్పులివ్వడం మొదలెడితే నువ్వే రెండో షావుకారువి. ఇస్తే ఇయ్యి, రొక్కంగా తిరిగి తీసుకో, చెట్టు జోలికెళ్లకు.

విస్తరాకు_వనజ · శుక్రవారం రాత్రి 11:04

మా గ్రూపులో ఆడవాళ్లు నెలకి వంద పొదుపు చేసుకుని ఆషాఢంలో వాళ్లలో వాళ్లే ఇచ్చుకుంటారు. గోపాలం తమ్ముడు డబ్బులివ్వక్కర్లేదు, ఆ రోజుల్లో అడ్డాకు కొంటే చాలు. పని దొరికితే చెట్టు ఎవరు తాకట్టు పెడతారు? వానల్లో ఆకు ఆరబెట్టడం కష్టం, గొడౌన్లో ఒక మూల చోటిస్తే నేను మాట్లాడతాను.

గుణుపురం_గోపాలం · శుక్రవారం రాత్రి 11:20

అక్కా చోటుంది, మాట్లాడదాం. ఆషాఢానికి ఇంకా టైముంది.

రెండో సంత సంగతి చెప్పి పడుకుంటాను. ఈసారి నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసొచ్చారు, వెంట హాస్టల్లో ఎనిమిది చదివే పాప. తూచగానే ఆ పాప అంకె గట్టిగా చదువుతోంది, వీళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. నమ్మకం కుదరలేదు, అంకె నిజమే గాని డబ్బా నిజమో కాదో ఎలా తెలుస్తాది? అందులో ఒకామె బయటికెళ్లి ఆ రోజే విడిపించుకున్న రేషన్ బియ్యం బస్తా పట్టుకొచ్చి నా కాటా మీద పెట్టింది. నలుగురు మనుషుల ఇల్లు, ఇరవై కేజీలు ఉండాలి. పాప చదివింది, పద్దెనిమిది పాయింట్ ఆరు.

అందరూ నావైపు తిరిగారు. కాటా దొంగదనే అనుకున్నారు. నాకు చెమట్లు పట్టేసాయి, ముద్ర వేసిన ఇరవై కేజీల గుండు ఉంది కదా, అది తెచ్చి పెట్టాను. ఇరవై అంటే ఇరవై. మళ్లీ బస్తా పెట్టాను, పద్దెనిమిది పాయింట్ ఆరే. అప్పుడు నిశ్శబ్దం. తర్వాత ఆ బస్తా ఆమె సవరలో ఏదో అంది, అందరూ ఒక్కసారి నవ్వేరు, నాకు అర్థం కాలేదు, పాపని అడిగితే చెప్పను అంది.

సాయంత్రానికి ఆ రేషన్ కొట్టాయన నుంచి ఫోను. "ఏటి గోపాలం, చింతపండు కొట్టువా, కోర్టువా నువ్వు?" అని.

మూటల_మావయ్య · శనివారం ఉదయం 7:10

భలే. మరి మరుగుదొడ్డి?

గుణుపురం_గోపాలం · శనివారం ఉదయం 7:45

మేస్త్రీ వచ్చి కొలత తీసుకున్నాడు మావయ్యా, గొడౌన్ వెనక గోడకి. ముప్పైఎనిమిది వేలు అన్నాడు. ఈలోగా ఇంటి వెనకది తాళం తీయించేసేను, తాళంచెవి ఆ ఏడుగురిలో పెద్దామె కొంగుకే ఉంది ఇప్పుడు. అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు, నిన్న తనే వాళ్లకి సబ్బు ఇచ్చింది.

పార్వతీపురం_పండు_వర్తకం · శనివారం ఉదయం 9:30

తరుగు లేకండా నీకు నష్టమెంతొచ్చింది, అది చెప్పు ముందు. మిగతా కబుర్లు తర్వాత.

గుణుపురం_గోపాలం · శనివారం ఉదయం 9:55

బాబాయ్, రెండు సంతల లెక్క. పచ్చి పండుకి రేటు తగ్గించడం వల్ల కొంత సర్దుకుంది, మొత్తం మీద బస్తాకి ఓ ముప్పై నలభై తక్కువ మిగిలింది. అయితే ఈసారి బస్తాల అడుగున రాళ్లు లేవు. ఒక్కటీ లేదు. ఇది మంచితనమో, నా కాటాని చూసి వాళ్లూ మానేసారో, ఇంకో నెల పోతే గాని చెప్పలేను.

పార్వతీపురం_పండు_వర్తకం · శనివారం ఉదయం 10:02

రాళ్లు లేవా? ఆశ్చర్యమే. వచ్చే సంతకి నేనొచ్చి చూస్తాను. నాన్నగారిని అడిగేనని చెప్పు.

పర్లాకిమిడి_మాష్టారు · శనివారం ఉదయం 10:20

నేనూ వస్తాను, పొద్దున్న బండికి. సవర అంకెలు ఒక కాగితం మీద తెలుగు లిపిలో రాయించి తెస్తాను, గోడకి అంటించుకో. ఇరవై దాటాక ఆ పాపని అడిగి మనిద్దరం నేర్చుకుందాం. ఆమె ఏమందో కూడా కనుక్కోవాలి.

గుణుపురం_గోపాలం · శనివారం ఉదయం 10:31

రండి మాష్టారూ, భోజనం ఇక్కడే. ఉంటాను, ఎవరో వచ్చారు. చింతపండు లేదు చేతిలో, తట్టలో కోడిపుంజు ఉంది, వేరేచోట మూడు కేజీలని కొన్నాడట, తూచి చెప్పమంటున్నాడు.